మంచు అడుగున దాగిన వరద

2023 అక్టోబరు 3వ తేదీ రాత్రి సిక్కింలో దక్షిణ ల్హొనాక్ అను మంచుసరస్సు గట్టు తెగినది. ప్రక్క వాలునుండి మన్నును రాళ్లును జారి నీటిలో పడగా పెద్ద అల లేచినది. కొద్ది గంటలలోనే తీస్తా నదిపై చుంగ్‌థాంగ్ వద్దనున్న ఆనకట్ట కొట్టుకొనిపోయినది. ఏబదిమందికి పైగా మరణించిరి. మన బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమువారు ఉపగ్రహ చిత్రములను పోల్చి చూచిరి. సెప్టెంబరు 28న 167.4 హెక్టార్లున్న సరస్సు అక్టోబరు 4న 60.3 హెక్టార్లే మిగిలినది. ఈ సరస్సు ప్రమాదకరమని ఆ కేంద్రపు శాస్త్రజ్ఞులు 2013లోనే వ్రాసియుండిరి.

ఇది కంటికి కనబడు సరస్సు. ఉత్తర ధ్రువప్రాంతమున హిమానీనదముల అడుగున కంటికి కనబడని సరస్సులు కలవు.

అంత చలిలో మంచు క్రింద నీరెట్లుండునని విద్యార్థులు అడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. దళసరి మంచు కంబళివలె భూగర్భపు వేడిని పట్టియుంచును. వేసవిలో పైన కరగిన నీరు పగుళ్లగుండా అడుగునకు దిగును. పైగా ఒక కిలోమీటరు మంచు బరువునకు ద్రవీభవన స్థానము ఒక డిగ్రీకి కొంచెము తక్కువగా దిగజారును.

ఆ నీరు ఒక్కసారిగా బయటపడుటకు కారణము గ్లాసులో మంచుముక్క వేసి చూపవచ్చును. ముక్కలో సుమారు పదింట తొమ్మిది వంతులు మునిగియుండును. అట్లే, అడ్డుగానున్న మంచు మందములో తొమ్మిది పదవవంతుల ఎత్తునకు నీరు చేరగానే, ఆ మంచు పైకి తేలనారంభించును. సందు దొరకిన నీరు ఒరిపిడి వేడితో దారిని కరగించుకొనును. దారి పెరిగినకొలది ప్రవాహము, ప్రవాహము పెరిగినకొలది దారి పెరుగును. చెఱువుగట్టున ఎండ్రకాయ బొరియ గండియగుట మన రైతులెరిగినదే. అక్కడ మన్ను కొట్టుకొనిపోవును, ఇక్కడ మంచు కరగును, అంతియే భేదము.

ఐస్‌లాండు ప్రజలు దీనిని యోకుల్‌హ్లౌప్, అనగా హిమానీనదపు పరుగు, అందురు. అక్కడ 1996లో మంచు క్రింద అగ్నిపర్వతము ప్రేలగా కరగిన నీరు గ్రిమ్స్‌వోట్న్ సరస్సులో చేరి, నవంబరు 5న వెలికురికినది. ఉద్ధృతి సెకనుకు సుమారు 45,000 ఘనపు మీటర్లు, అనగా పదునారు లక్షల క్యూసెక్కులు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజిని దాటిన కృష్ణ వరద 11.43 లక్షలే.

గ్రీన్‌లాండులో జరిగినది మరియు వింత. 2014 వేసవిలో పది దినములలో తొమ్మిది కోట్ల ఘనపు మీటర్ల నీరు అడుగునుండి మంచును చీల్చుకొని పైకి వచ్చినది! ఇది హిమాయత్‌సాగరు నిండు నీటికంటె కొంచెము ఎక్కువ. (ఆ పేరునకు హిమముతో సంబంధము లేదు.) రెండు చదరపు కిలోమీటర్ల మేర మంచు 85 మీటర్లు క్రుంగినది. అడుగు గడ్డకట్టియుండునని లెక్కలు చెప్పిన చోటనే ఇట్లు జరిగినది. ఉపగ్రహములు కొలిచిన మంచు ఎత్తులను పరిశీలించి శాస్త్రజ్ఞులు దీనిని 2025లో ప్రకటించిరి.

అక్కడ జనావాసము లేదు కనుక పదునొకండేండ్ల ఆలస్యము ఎవరికిని హాని చేయలేదు. హిమాలయములలో లోయలనిండ ఊళ్లున్నవి. ఉపగ్రహము మరల వచ్చులోపల వరద వచ్చిపోవును. కనుక సరస్సునొద్దనే కనిపెట్టి దిగువకు కబురంపు పరికరములు కావలెను. దక్షిణ ల్హొనాక్ వద్ద అట్టివాని మొదటి విడత 2023 సెప్టెంబరులో అమర్చిరి. హెచ్చరిక ఏర్పాటు పూర్తికాకమునుపే గట్టు తెగినది.