చుట్టూ నిలబడ్డవాళ్లు

పిల్లవాడు బడి నుంచి ఏడ్చుకుంటూ వస్తే తల్లి ముందు అడిగేది ‘ఎవడు సతాయించిండు?’ అని. కాసేపటికి ఇంకో మాట అడుగుతుంది: ‘మరి మిగిలినోళ్లంతా ఏం జేస్తున్నరు?’ మొదటి ప్రశ్నకు ఒక పేరు చెబితే సరిపోతుంది. రెండోదాని కోసం మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాలు తిరగాల్సి వచ్చింది. నా దృష్టిలో అసలు ప్రశ్న కూడా అదే.

ముందు మన నేల సంగతి. యంగ్ లైవ్స్ అనే అంతర్జాతీయ అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేల మంది పిల్లల ఎదుగుదలను గమనిస్తూ వచ్చింది. అందుకు ఎంచుకున్న జిల్లాల్లో కరీంనగర్ ఒకటి. తోటివాళ్ల సతాయింపు గురించి 15 ఏళ్ల వయసులో అడిగి, 19 ఏళ్లకు వాళ్లనే మళ్లీ కలిశారు. ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పోలిస్తే కొట్టడం, నెట్టడం మన దగ్గరే ఎక్కువగా కనిపించింది. దెబ్బతిన్నవాళ్లలో పేదింటి పిల్లలు ఎక్కువ. నాలుగేళ్ల తర్వాత కూడా వాళ్లకు తమ మీద తమకు నమ్మకం తక్కువగానే ఉంది. ఇక్కడితో ఆగితే పేదరికమే కారణమని తేల్చేయవచ్చు. కానీ ఒకే రకం ఇళ్ల నుంచి వచ్చిన ఇద్దరు పిల్లల్లో ‘ఎ’ సెక్షన్ వాడు నలిగిపోయి, ‘బి’ సెక్షన్ వాడు హాయిగా చదువుకుంటుంటే ఆ తేడా ఎక్కడిది?

ఈ చోటే పెద్దవాళ్లు కూడా పొరబడ్డారు. 1969లో పీటర్ పాల్ హైనెమాన్ అనే స్వీడన్ వైద్యుడు, పక్షుల గుంపు ఒకదాని మీద పడ్డట్టు తరగతి మొత్తం ఒక్కడి మీద పడుతుందన్నాడు. మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయుస్ 1970లలో లెక్కలు తీసి, దాడికి దిగేది ఏ ఒకరిద్దరో అని చూపాడు. కళ్లద్దాలు, లావు వల్లే పిల్లలు గేలికి గురవుతారన్న నమ్మకాన్నీ, సతాయించేవాడి లోపల ఆత్మన్యూనత ఉంటుందన్న నమ్మకాన్నీ ఆయనే దెబ్బతీశాడు. గొప్ప పని. అయితే చూపంతా ఆ ఒకరిద్దరి మీద నిలవడంతో మిగతా తరగతి కనుమరుగైంది. 1996లో ఫిన్లాండ్ పరిశోధకురాలు క్రిస్టీనా సాల్మివల్లి దాన్ని మళ్లీ ముందుకు తెచ్చింది. సతాయించేవాడు, బాధితుడు కాక, తోడు చేయి వేసేవాళ్లు, నవ్వి ఊతమిచ్చేవాళ్లు, పక్కకు తప్పుకునేవాళ్లు, అడ్డుపడేవాళ్లు ఉంటారని తరగతిని విడదీసి చూపింది. కెనడాలో ఆటస్థలాల్లో కెమెరాలు పెట్టి చూస్తే 88 శాతం ఘటనల్లో తోటి పిల్లలు అక్కడే ఉన్నారు. అడ్డుపడింది 19 శాతంలోనే. అడ్డుపడ్డప్పుడు మాత్రం సగానికి పైగా సందర్భాల్లో పది సెకన్లలో గొడవ ఆగిపోయింది!

పది సెకన్లలో ఎందుకు ఆగుతుంది? సతాయించేవాడు వెతుక్కునేది హోదా. ఆ హోదాను చేతిలో పెట్టేది చూసేవాళ్ల నవ్వు. ఆ నవ్వు కూడా చాలాసార్లు నిజం కాదు. ‘ఇది తప్పు’ అని తరగతిలో చాలామందికి లోలోపల అనిపిస్తుంది. పక్కవాడు నవ్వుతున్నాడు కాబట్టి వాడికి నచ్చిందనుకుని తానూ నవ్వుతాడు ఒక్కొక్కడు. ఆ నవ్వు చూసి పక్కవాడు కూడా అదే అనుకుంటాడు. ఎవరూ ఒప్పుకోని నియమం ఇలా అందరి నియమంగా చలామణీ అవుతుంది. 2010లో దాదాపు 7 వేల మంది ఫిన్లాండ్ పిల్లల మీద వచ్చిన ఫలితం నన్ను ఇప్పటికీ వదల్లేదు. బిడియస్థులు, ఎవరూ దగ్గరకు రానివ్వని పిల్లలు ఎక్కువగా బలవుతారన్నది నిజమే. కానీ ఊతమిచ్చేవాళ్లు ఎక్కువున్న తరగతిలో ఆ ముప్పు పెరిగింది, అడ్డుపడేవాళ్లు ఎక్కువున్న తరగతిలో తగ్గింది. పిల్లవాడి బిడియం అదే, ప్రమాదం మాత్రం వేరు.

ఆదిలాబాద్ ఆశ్రమ పాఠశాలలను ఈ వెలుగులో చూడాలి. హాస్టల్లో చూసేవాళ్ల వలయం సాయంత్రం గంట కొట్టాక ఇంటికి వెళ్లిపోదు. ఇంట్లో గోండి, కొలామీ మాట్లాడి వచ్చిన పిల్లవాడి తెలుగు యాస నవ్వులాట కావాలా వద్దా అన్నది గదిలోని మిగతావాళ్లు తేలుస్తారు. 1940లలో మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ ఆదిలాబాద్‌లోని మార్లవాయిలో గోండి పిల్లలకు గోండిలోనే చదువు చెప్పించే ఏర్పాటు చేశాడు. పంతులే పిల్లల భాషలో మాట్లాడితే ఆ భాషను వెక్కిరించి తెచ్చుకునే హోదా ఏముంటుంది? చూసేవాళ్ల పాత్రను సెల్‌ఫోన్ తలకిందులు చేసిందనేవారున్నారు. కానీ తరగతి వాట్సాప్ గ్రూపులో ఉండేది ఆ తరగతే. ఫోన్లో వేధింపు పడేవాళ్లలో ఎక్కువమంది బడిలోనూ పడుతున్నవాళ్లేనని ఓల్వేయుస్ 2012లో గట్టిగా వాదించాడు. ఒక తేడా మాత్రం నిజం: అవమానపడ్డ ముఖం కనబడదు కాబట్టి జాలి పుట్టే వీలు తక్కువ.

ఇలా చెబితే అసలు దోషి తప్పించుకోడా? తప్పించుకోకూడదు, శిక్ష ఉండాల్సిందే. ఇంకా గట్టి అభ్యంతరం ఒకటుంది. సతాయింపు తగ్గిన తరగతుల్లో మిగిలిపోయిన ఒకరిద్దరు బాధితులు మరింత కుంగిపోతున్నారు. ‘అందరూ బాగున్నారు, లోపం నాలోనే ఉంది’ అనుకుంటారు కాబట్టి. తరగతిని మార్చినంత మాత్రాన ఆ పిల్లవాడి పక్కన కూర్చోవడం మానరాదని దీనర్థం.

ఉపయోగం సంగతికొస్తే నా గోడు ఇదీ. 1997 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం సతాయించినవాణ్ని చూస్తుంది, పట్టించుకోని ప్రిన్సిపాల్‌ను చూస్తుంది. నవ్వినవాళ్లను మార్చే పని చట్టంతో అయ్యేది కాదు. మరి ఎవరితో అవుతుంది? బీహార్‌లోని నలందా జిల్లాలో 74 ఉన్నత పాఠశాలల్లో సెహెర్ అనే ప్రయోగం జరిగింది. దాని ఫలితాలు 2018లో వచ్చాయి. బడి వాతావరణాన్ని మార్చే పనిని శిక్షణ పొందిన మామూలు కౌన్సెలర్లు చేసినచోట సతాయింపు తగ్గింది. అదే పనిని టీచర్లకు అప్పజెప్పినచోట తగ్గలేదు. అయినా మన దగ్గర కొత్త కార్యక్రమం ఏది వచ్చినా, సిలబస్ పూర్తి చేయలేక సతమతమయ్యే ఆ టీచరు నెత్తినే పెడుతున్నాం.