పిస్టన్‌ను వెనక్కి లాగేదెవరు?

మలికిపురం నుంచి ఒక పాఠకుడు రాశారు: "ఏడేళ్ల బండి. ముందు డిస్కు బ్రేకు నొక్కితే బాగానే పడుతోంది. వదిలాక మాత్రం పూర్తిగా వదలడం లేదు. తోస్తే బండి బరువుగా ఉంటోంది, నాలుగు కిలోమీటర్లు పోయేసరికి డిస్కు కాలిపోతోంది. మెకానిక్ సీళ్లు మార్చాడు, మూణ్ణెల్లకు మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు కాలిపరే మార్చెయ్యమంటున్నాడు. పెద్ద బండి కాలిపర్ వేయించుకోమని స్నేహితులు అంటున్నారు. ఏం చెయ్యను?"

ఈ ఉత్తరంలో నన్ను పట్టుకున్న మాట 'వదలడం లేదు'. బ్రేకు ఎలా పడుతుందో ఎనిమిదో తరగతి పిల్లాడు కూడా చెబుతాడు. ఎలా వదులుతుందో అడగండి, పాతికేళ్లుగా బళ్లు విప్పుతున్నవాళ్లు కూడా ఆగి ఆలోచిస్తారు.

పట్టడం సంగతి త్వరగా ముగిద్దాం. మూసిన పాత్రలో ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని దిక్కులకూ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో బ్లేజ్ పాస్కల్ చెప్పాడు. హ్యాండిల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ పిస్టన్ వ్యాసం 12.7 మిల్లీమీటర్లు, కింద కాలిపర్‌లో 25.4 మిల్లీమీటర్ల పిస్టన్లు రెండు అనుకుందాం. వ్యాసం రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లు, రెండు పిస్టన్లకు ఎనిమిది రెట్లు. వేళ్లతో 5 కిలోల బలం పెడితే లివరు దాన్ని 25 చేస్తుంది, ఆయిల్ 200 చేస్తుంది. ప్యాడు వెళ్లి డిస్కును కరుచుకుంటుంది.

ఇప్పుడు లివరు వదిలారు. పిస్టన్ వెనక్కి రావాలి. ఎవరు లాగుతారు? డ్రమ్ము బ్రేకులో షూలను దగ్గరకు లాగడానికి స్ప్రింగులున్నాయి. కాలిపర్ విప్పి వెతకండి, పిస్టన్‌ను లాగే స్ప్రింగు ఎక్కడా కనబడదు. పైన మాస్టర్ సిలిండర్ ఆయిల్‌ను పీల్చుకుంటే దాంతోపాటే పిస్టన్ వచ్చేస్తుందని చాలామంది నమ్మకం. అది తప్పు. ఆయిల్ ఒత్తిడి తగ్గి దారి ఇస్తుంది, అంతే. లాగే పని పిస్టన్ నడుముకు ఉన్న రబ్బరు రింగుది, అంటే సీలుది.

ఆ రింగును చేతిలోకి తీసుకుని చూడండి. మోటారు పంపులో వేసే ఓ-రింగులా గుండ్రంగా ఉండదు, అడ్డంగా కోస్తే చదరంగా ఉంటుంది. అది కూర్చునే గాడికి ప్యాడు వైపు అంచును కొంచెం ఏటవాలుగా చెక్కి ఉంచుతారు. ఆ కాస్త ఖాళీలోనే కిటుకంతా ఉంది. ఆయిల్ తోసినప్పుడు పిస్టన్ రబ్బరు మీద వెంటనే జారిపోదు. రబ్బరు పిస్టన్‌ను గట్టిగా పట్టుకుని, తానూ దాంతోపాటు ముందుకు వంగి, ఆ ఏటవాలు ఖాళీలోకి ఒరుగుతుంది. ఒత్తిడి పోగానే తన ఆకారానికి తాను తిరిగి వస్తూ పిస్టన్‌ను వెంట లాక్కొస్తుంది. ఎంత దూరం? మిల్లీమీటరులో పదోవంతు, కాస్త అటూ ఇటూ. చక్రం తేలిగ్గా తిరగడానికి అంత చాలు.

ఇంతకంటే అందమైన సంగతి మరొకటుంది. ప్యాడు అరిగిందనుకోండి. పిస్టన్ ఇంకొంచెం ముందుకు పోవాలి. రబ్బరు వంగగలిగినంత వంగుతుంది, ఆపైన పిస్టన్ దాని పట్టులోంచి జారి ముందుకు వెళుతుంది. వదిలినప్పుడు మాత్రం రబ్బరు మునుపటంతే వెనక్కి లాగుతుంది. అంటే అరిగినంత మేరా పిస్టన్ ముందుకు స్థిరపడింది, ఖాళీ మాత్రం మారలేదు. డ్రమ్ము బ్రేకుకు ఎప్పటికప్పుడు నట్టు బిగించుకోవాలి. ఇక్కడ ఆ పని కొన్ని రూపాయల రబ్బరు ముక్క, ఎవరూ చూడకుండా, ప్రతి నొక్కుకూ చేసేస్తోంది. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఆశ్చర్యం తీరదు.

ఇంత సులువైన ఉపాయం మొదట్లోనే దొరకలేదు. 1902లో బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన వాడిన రాగి ప్యాడ్లు చెవులు చిల్లులు పడేలా అరిచేవి. 1953లో లె మాన్స్ 24 గంటల రేసును జాగ్వార్ కారు డన్‌లప్ డిస్కు బ్రేకులతో గెలిచింది. ఆ తర్వాత జాగ్వార్ అమ్మిన కార్లకు డన్‌లప్ చేసిన కాలిపర్లలో పిస్టన్‌ను వెనక్కి లాగడానికి ప్రత్యేకంగా ఒక పిన్ను, దాన్ని బిగించి పట్టుకునే బుష్షు పెట్టారు. అంతటి ఇంజినీర్లు లోహంతో కష్టపడి చేయించిన పనిని రబ్బరు రింగు ఒంటరిగా చేస్తుంది.

ఇక మలికిపురం సంగతి. దక్షిణాన తూర్పుపాలెం తీరం. శంకరగుప్తం డ్రెయిన్‌లోకి ఎగదన్నిన సముద్రపు నీటికి కేశనపల్లి కొబ్బరి చెట్లు తలలు వాల్చిన ప్రాంతం అది. చెట్టు వేరును చంపే ఉప్పే కాలిపర్‌నూ తింటుంది, దారి వేరు. కాలిపర్ ఒళ్లు అల్యూమినియం. దాని మీద కంటికి కనబడని ఆక్సైడు పొర కవచంలా ఉంటుంది. ఉప్పులోని క్లోరైడు ఆ పొరను చుక్కలు చుక్కలుగా ఛేదిస్తుంది. పక్కనే ఉక్కు పిస్టన్, మధ్యలో ఉప్పునీటి తడి ఉంటే, రెండు లోహాల బ్యాటరీ తయారై అల్యూమినియం ఇంకా త్వరగా కరుగుతుంది. కరిగింది తెల్లటి పొడిగా మారుతుంది. పోయిన లోహం కంటే ఈ పొడి సుమారు మూడు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. గాడిలో ఆ చోటు ఎక్కడిది?

బయటి దుమ్మును ఆపడానికి పిస్టన్‌కు ఇంకో రింగు ఉంటుంది, అది దుమ్ము సీలు. పొడి ముందుగా దాని గాడిలో చేరి, ఆ సీలును వెనక నుంచి తోసి పిస్టన్ మీద బిగిస్తుంది. పిస్టన్‌ను లాగే రింగున్న లోపలి గాడికి పాకితే ఏటవాలు ఖాళీని పూడ్చేస్తుంది. రబ్బరుకు ఒరగడానికి చోటు లేదు. ఒరగనిది వెనక్కి ఏం లాగుతుంది? పోయేటప్పుడు పిస్టన్ వెనక 200 కిలోల బలం ఉంది కాబట్టి పోతుంది. వచ్చేటప్పుడు రబ్బరు సత్తువ ఒక్కటే దిక్కు. అందుకే మీ బండి బ్రేకు బాగా పడుతోంది, వదలడం లేదు. మూణ్ణెల్లకే తిరగబెట్టడానికీ కారణం ఇదే అయ్యుంటుంది: సీలు కొత్తది వేశారు, గాడి గీకలేదు.

అయితే కాలిపర్ మీద నింద వేసే ముందు ఒక పరీక్ష చేయించండి. చక్రం పట్టేసినప్పుడు కాలిపర్ మీది ఎయిర్ తీసే నిపిల్‌ను కొంచెం వదులు చేయాలి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే ఒత్తిడి పైన చిక్కుకుందన్నమాట: మాస్టర్ సిలిండర్‌లోని సన్నటి రంధ్రం మూసుకుపోయి ఉండాలి, లేదా హోసు లోపల ఉబ్బి ఉండాలి. అప్పుడూ వదలకపోతే దోషం కాలిపర్‌దో, అది జరిగే పిన్నులదో.

విప్పేటప్పుడు హోసు తీయకముందే లివరు మెల్లగా నొక్కుతూ పిస్టన్లను బయటికి రప్పించాలి. కంప్రెసర్ గాలి పెడితే పిస్టన్ తూటాలా వస్తుంది, వేలు నలిగిపోతుంది. గాడిని ఇత్తడి ముక్కతోనో చెక్కిన వెదురుపుల్లతోనో మెరుపు వచ్చేదాకా గీకాలి. స్క్రూడ్రైవరు వద్దు. పిస్టన్‌ను ఎమరీ పేపరుతో రుద్దే అలవాటు చూస్తే నాకు బాధ. దానిమీది క్రోమియం పొర వెంట్రుక కంటే పలచన, అది పోతే ఉప్పుకు ఉక్కు దొరికినట్టే. సీలు తగిలే చోట గోటికి గుంట తగిలితే పిస్టన్ మార్చాల్సిందే. పెట్రోలు, కిరసనాయిలు, ఇంజనాయిలు ఆ రబ్బరును తాకకూడదు. అది ఈపీడీఎం రకం, పెట్రోలియం నూనెలకు ఉబ్బి పాడవుతుంది. పాత బ్రేక్ ఆయిల్ కూడా పారబోయండి. అది గాలిలోని తడిని పీల్చుకునే రకం. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. తడి పట్టాక ఆ హద్దు 155కు దిగుతుంది. పట్టేసిన బ్రేకు వేడికి అది మరిగితే లివరు హ్యాండిల్‌కు తగిలేదాకా ఖాళీగా వస్తుంది.

పెద్ద కాలిపర్ అంటారా? 25.4 స్థానంలో 30 మిల్లీమీటర్ల పిస్టన్లు వేస్తే బలం 40 శాతం పెరుగుతుంది. లివరు కూడా 40 శాతం ఎక్కువ దూరం నడవాలి. బండిని చివరికి ఆపేది టైరుకూ రోడ్డుకూ ఉన్న పట్టు. దాళ్వా కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యంపై ఎంత పెద్ద కాలిపర్ అయినా చక్రాన్ని జారుస్తుందే గాని ఆపదు. ఏబీఎస్ ఉన్న బండికైతే ఆ మార్పు అసలే వద్దు, దాని లెక్కలన్నీ కంపెనీ కాలిపర్‌కు కట్టినవి. ఆ డబ్బుతో మంచి సీళ్లు, పిన్నులకు సిలికాన్ గ్రీజు, ముందు టైరు కొనుక్కోండి.

అంతా బిగించి ఎయిర్ తీశాక, బండి కదిలించక ముందే, స్టాండు మీద ఉంచి లివరు నొక్కండి. మొదటి నాలుగైదు నొక్కులు ఖాళీగా పోతాయి, కంగారుపడకండి. ఒక్కో నొక్కుకూ పిస్టన్ రబ్బరు పట్టులోంచి కొంచెం కొంచెం జారి ప్యాడు దగ్గరకు వస్తోంది. చెయ్యి కింద లివరు గట్టిపడ్డాక వదిలి, ముందు చక్రాన్ని తిప్పి చూడండి.