నీలం రంగు తగ్గితే ఎంజైమ్ పనిచేసినట్టే

బ్యాక్టీరియాలోని ఒక ఎంజైమ్ ఎంత చురుగ్గా ఉందో తెలియాలంటే అది చేసే పనిని కొలవాలి. సూపర్ ఆక్సైడ్ డిస్మ్యూటేజ్ విషయంలో ఇది అంత తేలిక కాదు. అది తొలగించే సూపర్ ఆక్సైడ్ ఎక్కువసేపు నిలవదు. అందుకే శాస్త్రవేత్తలు వెలుతురు, ఒక విటమిన్, ఒక రంగు పదార్థం సాయంతో దీన్ని పరోక్షంగా కొలుస్తారు.

ఎందుకు కొలవాలి?

ఆక్సిజన్ అణువుకు అదనంగా ఒక ఎలక్ట్రాన్ చేరితే సూపర్ ఆక్సైడ్ అవుతుంది. ఇది కణంలోని కొన్ని కీలక ఎంజైములను దెబ్బతీస్తుంది. మన తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులపై దాడికి దీన్నే తయారుచేస్తాయి. డిస్మ్యూటేజ్ దీన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా, మామూలు ఆక్సిజన్‌గా మారుస్తుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన జో మెక్‌కార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ 1969లో ఈ ఎంజైమ్ పనిని వెల్లడించారు. ఒక బ్యాక్టీరియా ఆక్సిజన్ దాడిని ఎంతవరకు తట్టుకోగలదో అంచనా వేయడానికి ఈ కొలత ఒక ఆధారం.

వెలుతురుతో పుట్టే నీలం

1971లో చార్లెస్ బోషాంప్, ఫ్రిడోవిచ్ వివరించిన పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. ఇందులో నైట్రోబ్లూ టెట్రజోలియం అనే లేత పసుపు పదార్థం, రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2), ఎలక్ట్రాన్లను ఇచ్చే మెథియోనిన్ వంటి పదార్థం కలుపుతారు. వెలుతురు పడగానే రైబోఫ్లేవిన్ ఉత్తేజితమై ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. వాటిని ఆక్సిజన్‌కు అందిస్తుంది. అలా పుట్టిన సూపర్ ఆక్సైడ్ టెట్రజోలియాన్ని క్షయకరణం చేసి, ముదురు నీలం ఫార్మజాన్‌గా మారుస్తుంది.

ఇప్పుడు బ్యాక్టీరియా కణాలను పగలగొట్టి తీసిన ద్రవాన్ని కలిపితే, అందులోని డిస్మ్యూటేజ్ సూపర్ ఆక్సైడ్‌ను ముందే తొలగిస్తుంది. నీలం తగ్గుతుంది. 560 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుందో చూసి ఈ తగ్గుదలను లెక్కిస్తారు. రంగును సగానికి తగ్గించే ఎంజైమ్ మోతాదే ఒక యూనిట్.

ఉదాహరణకు ఎంజైమ్ లేని గొట్టంలో రీడింగ్ 0.40 వచ్చిందనుకుందాం. 20 మైక్రోలీటర్ల ద్రవం కలిపిన గొట్టంలో అది 0.20కి తగ్గితే, ఆ ద్రవంలో ఒక యూనిట్ ఉన్నట్టు. అంటే మిల్లీలీటరుకు 50 యూనిట్లు. మిల్లీలీటరులో 2 మిల్లీగ్రాముల ప్రోటీన్ ఉంటే, మిల్లీగ్రాముకు 25 యూనిట్లు.

జెల్‌పై తెల్లని చారలు

ఇదే రంగును జెల్‌పైనా పుట్టించవచ్చు. ప్రోటీన్లను జెల్‌లో విడదీసి, రంగు ద్రావణంలో నానబెట్టి వెలుతురులో పెడితే జెల్ అంతా నీలమవుతుంది. డిస్మ్యూటేజ్ ఉన్నచోట మాత్రం తెల్లని చార మిగులుతుంది. ఇ.కోలై బ్యాక్టీరియాను ఆక్సిజన్ లేకుండా పెంచితే ప్రధానంగా ఇనుము ఉన్న డిస్మ్యూటేజ్ కనిపిస్తుంది. గాలి తగిలేలా పెంచితే మాంగనీస్ రకం కూడా చేరుతుంది. జెల్‌ను ముందుగా హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఉంచితే ఇనుము రకం పనిచేయదు, మాంగనీస్ రకం నిలుస్తుంది. ఏ చార ఏదో అలా తేలుతుంది.

మోసపోకుండా

నీలం తగ్గడానికి ఎంజైమ్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. కణ ద్రవంలోని ఇతర చిన్న అణువులు కూడా సూపర్ ఆక్సైడ్‌ను అడ్డుకోగలవు. అందుకే డయాలిసిస్‌తో వాటిని ముందే తొలగిస్తారు. వెలుతురు తగలని గొట్టాన్ని పోలికకు పక్కన ఉంచుతారు. అన్ని గొట్టాలకూ సమానంగా వెలుతురు, ఒకే వేడి అందేలా చూస్తారు. ఇక్కడ కొలిచేది రాని రంగును కాబట్టి, అది ఎందుకు రాలేదో తేల్చుకున్నాకే ఆ అంకెను నమ్మాలి.