బ్లాక్‌చెయిన్ ఒప్పందాలకు ధర చెప్పేదెవరు?

బ్లాక్‌చెయిన్ ఆవర్జాలో ఒకసారి పడిన పద్దును ఎవరూ దిద్దలేరన్న సంగతి వర్తక వర్గాలలో ఇప్పుడు చాలామందికి తెలిసినదే. అందులో వ్రాసిపెట్టిన ఒప్పందం గుమాస్తాతో గాని, ప్లీడరుతో గాని పని లేకుండా తనంతట తానే అమలవుతుంది. అయితే ఆ ఒప్పందానికి నేటి బంగారం ధర తెలియదు. డాలరు మారకం తెలియదు. నిన్న వాన పడినదీ లేనిదీ తెలియదు. ఈ సంగతులను బయటి నుండి తెచ్చి ఆవర్జాలో వ్రాసే ఏర్పాటును ఒరాకిల్ అంటున్నారు. మార్జిన్ చాలిందా లేదా, తాకట్టు వేలానికి పోవాలా వద్దా, ఎవరి ఖాతాకు ఎంత జమ కట్టాలి అన్నవన్నీ ఆ అంకె మీదనే ఆధారపడి వున్నవి. అంకె తప్పయితే ఒప్పందం ఆ తప్పునే తు.చ. తప్పకుండా అమలు జరుపుతుంది. పద్దును దిద్దలేకపోవడం అప్పుడు వరం కాదు, శాపం.

ప్రాచీన గ్రీసు ఆలయాలలో దేవుని పలుకుగా జరగబోయేది చెప్పే చోటును ఒరాకిల్ అనేవారు. పేరు కొంత తప్పుదోవ పట్టించేదే. ఈ ఒరాకిల్ రేపటి ధర చెప్పదు. బజారుకు పోయి ఇప్పటి ధర కనుక్కొని వచ్చే కుర్రవాని పని మాత్రమే దానిది.

ఒప్పందమే స్వయంగా ధర ఎందుకు కనుక్కోరాదన్న ప్రశ్న రావడం సహజం. ఎథీరియం వంటి బ్లాక్‌చెయిన్‌లో వేలాది కంప్యూటర్లు ఒకే లెక్కను విడివిడిగా కట్టి, అందరికీ ఒకే జవాబు వచ్చినదని సరిచూసుకుంటాయి. ఇవన్నీ ఎవరికి వారు ఎక్స్ఛేంజిని ధర అడిగితే, క్షణానికొక ధర వచ్చి లెక్క పొసగదు. ఏడాది తరువాత పాత పద్దును మళ్ళీ కట్టి చూడబోతే ఆనాటి ధర దొరకదు. అందుచేత లెక్క మధ్యలో బయటివారిని అడిగే వీలే అందులో పెట్టలేదు. ధర ఏదైనా సరే, సంతకంతో కూడిన లావాదేవీగా ముందు లోపలికి రావాలి. అప్పుడు అందరూ చూసేది ఒకే అంకె అవుతుంది.

తెచ్చేవాడు ఒక్కడే అయితే వచ్చే చిక్కు వర్తకులకు వివరించనక్కరలేదు. అతడు పొరపాటు పడవచ్చు, అమ్ముడు పోవచ్చు, ఆ పూట రాకనే పోవచ్చు. నిజామాబాదు కేంద్రంగా పసుపు వాయిదా కాంట్రాక్టులు నడిపే ఎన్.సి.డి.ఇ.ఎక్స్. స్పాట్ ధరను ఏ ఒక్కరి మాట మీదా నిర్ణయించదు. సరుకుతో సంబంధం వున్న పలువురు వ్యాపారులను, దళారులను అడిగి, పొంతన లేని ధరలను లెక్కలో నుండి తీసివేసి స్పాట్ ధర కడుతుంది. కాంట్రాక్టు ముగింపు ధరకు ఆ స్పాట్ ధరే ఆధారం. వికేంద్రీకృత ఒరాకిల్ అనే పెద్ద మాటలోని అసలు సంగతి ఇదే: పలువురిని అడగడం, వచ్చినవాటిలో చెడ్డవాటిని ఏరివేయడం.

మూడు జల్లెడలు

ఈ రంగంలో పేరు పడిన చైన్‌లింక్ పథకాన్ని సెర్గీ నజరోవ్, స్టీవ్ ఎల్లిస్, ఆరీ జూల్స్ అనువారు 2017లో ప్రకటించారు. 2019 మే నెలలో అది ఎథీరియం మీద పని ప్రారంభించినది. దాని పద్ధతిలో ధరను మూడుసార్లు జల్లెడ పడతారు. మొదట, ధరల సమాచారాన్ని అమ్మే సంస్థలు అనేక ఎక్స్ఛేంజీలలోని లావాదేవీలను చూసి, పరిమాణం ఎక్కువ వున్నచోటికి ఎక్కువ విలువ ఇచ్చి ఒక ధర కడతాయి. రెండవ అంచెలో నోడ్ అనబడే సంస్థలు ఒక్కొక్కటీ ఇటువంటి పలు విక్రేతల నుండి ధరలు తీసుకొని వాటిలో నడిమి ధరను ఎన్నుకుంటాయి. జర్మనీ టెలిఫోను సంస్థ డాయిష్ టెలికామ్ అనుబంధ సంస్థ కూడా ఇటువంటి నోడ్‌ను నడుపుతున్న వాటిలో వున్నది. చివరకు నోడ్లన్నీ చెప్పిన ధరలలో మళ్ళీ నడిమి ధర ఏదో అదే ఆవర్జాకు ఎక్కుతుంది.

సగటు కట్టక నడిమి ధర, అనగా మధ్యగతం, తీసుకోవడంలో కిటుకు వున్నది. ఒక సరుకుకు ఏడుగురు ధర చెప్పారనుకుందాం. ఆరుగురు 198, 199, 200, 200, 201, 202 అన్నారు. ఏడవవాడు చేయి జారి 2,00,000 అని వ్రాశాడు. సగటు కడితే 28,743 వస్తుంది. వరుసలో నాలుగవది చూస్తే 200 మాత్రమే. ఏడుగురిలో ముగ్గురు కూడబలుక్కుని అబద్ధం చెప్పినా, నడిమి ధర మిగిలిన నలుగురు చెప్పిన ధరల హద్దు దాటిపోదు.

2019 జూన్‌లో సింథెటిక్స్ అనే ఒప్పందాల వ్యవస్థలో అచ్చంగా ఇటువంటిదే జరిగినది. కొరియా నాణెం వాన్ ధరను చెప్పే ఒక ఆధారం అసలు ధరకు సుమారు వెయ్యి రెట్లు చెప్పినది. ఒక వ్యాపారి నడుపుతున్న యంత్రం క్షణాలలో దానిని పసిగట్టి, కొని అమ్మి, కాగితం మీద 3.7 కోట్ల కృత్రిమ ఈథర్ నాణేలు జమ చేసుకున్నది. ఆ వ్యాపారి బహుమతి పుచ్చుకొని లావాదేవీలను వెనక్కు తిప్పడానికి ఒప్పుకోవడం వ్యవస్థ అదృష్టం. ఒప్పుకోకపోతే అడిగే దిక్కు లేదు.

కబురుకు ఖర్చు

ఆవర్జాలో ఏది వ్రాయాలన్నా రుసుము చెల్లించాలి. కనుక ధర ప్రతి క్షణమూ ఎక్కదు. ఎథీరియం మీద ఈథర్-డాలరు ధరకు చైన్‌లింక్ పెట్టుకున్న నియమం ప్రకారం ధర 0.5 శాతం కదిలినప్పుడు గాని, గంట గడిచినప్పుడు గాని కొత్త అంకె వ్రాస్తారు. మొదట్లో ఒక్కొక్క నోడ్ తన ధరను వేరువేరుగా వ్రాసి వేరువేరుగా రుసుము కట్టేది. 2021 నుండి నోడ్లు బయటనే కలిసి, సంతకాలన్నీ ఒకే కాగితం మీద పెట్టి, ఒక్కసారిగా లోపలికి పంపుతున్నవి. ఖర్చు బాగా తగ్గినది.

పిత్ అనే మరొక ఒరాకిల్ వేరే దారి పట్టినది. అక్కడ ధర చెప్పేవారు ఎక్స్ఛేంజీలు, పెద్ద వ్యాపార సంస్థలే. ధర కావలసినవాడు కావలసినప్పుడు తానే దానిని ఆవర్జాకు తెచ్చుకొని రుసుము కట్టుకోవాలి. ధరతో పాటు అది ఎంత అటూ ఇటూగా వుండవచ్చునో కూడా చెబుతారు. బజారు కల్లోలంగా వున్నప్పుడు ఆ రెండవ అంకె మొదటిదాని కంటే విలువైనది. దానిని చూడకుండా ఒప్పందం వ్రాసుకున్నవారికి ఆ విలువ దక్కదు.

రద్దీ రోజున కబురు అందకపోతే ఏమవుతుందో 2020 మార్చి 12న తెలిసినది. ఆ ఒక్కరోజున ఈథర్ ధర 40 శాతానికి పైగా పడిపోయినది. అందరూ ఒకేసారి మీదపడడంతో రుసుములు ఆకాశాన్నంటినవి. మేకర్ అనే రుణ వ్యవస్థకు ధరల కబుర్లు వెనుకబడినవి. తాకట్టు సరుకు వేలానికి వచ్చేసరికి పాటదారుల పాటలు కూడా రద్దీలో చిక్కుకొని లోపలికి చేరలేదు. పోటీ లేని చోట సున్నా డాలర్లకు పాడినవారికే పాట ఖాయమైనది. అలా పోయిన ఈథర్ విలువ 80 లక్షల డాలర్లకు పైమాటే. అదే మేకర్‌లో, వచ్చిన కొత్త ధరను వెంటనే వాడకుండా ఒక గంట నిలిపి వుంచే నియమం వున్నది. తప్పుడు అంకె వస్తే అడ్డుకోవడానికి ఆ గంట పనికివస్తుంది. ధర జారిపోతున్న రోజున అదే గంట అప్పిచ్చినవారి కొంప ముంచుతుంది. ఈ రెండింటిలో ఒకదానిని ఎన్నుకోక తప్పదు.

చెప్పినవారు నిజమే చెప్పినా

ఇంతవరకు చెప్పినది పొరపాటు, ఆలస్యం. ఇంతకంటే లోతైన చిక్కు మరొకటి వున్నది. నూరుగురు కుర్రవాళ్ళను పంపినా, అందరూ ఒకే దుకాణానికి పోయి అడిగివస్తే అది ఒక్కరిని పంపినట్లే. 2020 నవంబరు 26న కాంపౌండ్ అనే రుణ వ్యవస్థకు ఇటువంటి దెబ్బ తగిలినది. ఎప్పుడూ డాలరు దగ్గర నిలవవలసిన డాయ్ నాణెం ఒక్క కాయిన్‌బేస్ ఎక్స్ఛేంజిలో కాసేపు 1.30 డాలర్ల దాకా పోయినది. కాంపౌండ్ ధరకు ఆధారం ఆ ఎక్స్ఛేంజి. డాయ్ అప్పు తీసుకున్నవారి బాకీ ఒక్కసారిగా పెరిగినట్లు కనిపించి, సుమారు 8.9 కోట్ల డాలర్ల ఖాతాలు జప్తుకు పోయినవి. ధర అబద్ధం కాదు. ఆ ధరకు అక్కడ నిజంగానే బేరాలు జరిగినవి.

2022 అక్టోబరులో మాంగో మార్కెట్స్‌లో జరిగినది ఈ విద్యకు పరాకాష్ఠ. ఒక వ్యాపారి రెండు ఖాతాలు తెరిచి, ఒక్కొక్క దానిలో 50 లక్షల డాలర్ల చొప్పున వేశాడు. ఒక ఖాతా నుండి 48.3 కోట్ల మాంగో నాణేలకు వాయిదా అమ్మకం పెట్టి, రెండవ ఖాతాతో తానే కొన్నాడు. అప్పటి ధర 4 సెంట్ల లోపు. పిమ్మట మాంగో నాణెం స్పాట్ వ్యాపారం జరిగే ఎక్స్ఛేంజీలకు పోయి కొనడం మొదలు పెట్టాడు. అక్కడ సరుకు పలుచన, అమ్మకందారులు తక్కువ. నిమిషాలలో ధర 91 సెంట్ల దాకా ఎగబాకినది. ఒరాకిళ్ళు చూసినది చూసినట్లు చెప్పినవి. కొనుగోలు ఖాతాలో కాగితం మీద 40 కోట్ల డాలర్లకు మించిన లాభం కనిపించినది. ఆ లాభాన్ని పూచీగా చూపి, మాంగోలో ఇతరులు దాచుకున్న సొమ్ములో నుండి సుమారు 11.6 కోట్ల డాలర్లు అప్పుగా తీసుకొని అతడు వెళ్ళిపోయాడు. తరువాత ధర మామూలుకు దిగినది. పూచీ ఆవిరి అయినది. ఒరాకిళ్ళ తప్పేమీ లేదని మాంగో నిర్వాహకులే ప్రకటించారు. రాజీ మీద సుమారు 6.7 కోట్ల డాలర్లు తిరిగివచ్చినవి.

పలుచని సరుకును మూట కట్టి ధర లేపడం పాత బజార్లలోనూ వున్న పనే. అయితే పాత బజారులో లేపిన ధరకు సరుకును తిరిగి అమ్ముకోగలిగితేనే డబ్బు చేతికి వచ్చేది. ఇక్కడ అమ్మవలసిన అవసరమే లేకపోయినది. ధర కొద్ది నిమిషాలు నిలిస్తే చాలు, అప్పు పుడుతుంది. ఆ వ్యాపారి దోషి అని 2024 ఏప్రిల్‌లో న్యూయార్కు జ్యూరీ తీర్పు చెప్పినది. 2025 మేలో న్యాయమూర్తి దానిని కొట్టివేశారు. రెండు అభియోగాలకు ఆ కోర్టుకు పరిధి లేదని, మూడవ దానిలో మోసపు మాట చెప్పినట్లు రుజువు కాలేదని ఆయన అన్నారు.

అడ్డుకట్టగా వేసిన హద్దు కూడా ఒక్కొక్కసారి బెడిసికొడుతుంది. 2022 మేలో లూనా నాణెం కుప్పకూలినప్పుడు చైన్‌లింక్ ధరకు 10 సెంట్ల దగ్గర కనీస హద్దు వున్నది. అసలు ధర అంతకంటే కిందికి పోయినా అంకె అక్కడే ఆగినది. వీనస్ అనే రుణ వ్యవస్థలో కొందరు విలువ లేని లూనాను 10 సెంట్ల లెక్కన తాకట్టు పెట్టి మంచి సొమ్ము పట్టుకుపోయారు. నష్టం 1.1 కోట్ల డాలర్లకు పైబడినది.

ధర చెప్పేవానికి ఆ ధరలో లాభం వున్నదా అన్నది మరొక విచారణ. లండన్ బ్యాంకుల వడ్డీ రేటు లైబార్‌ను కూడా పలు బ్యాంకులు చెప్పిన రేట్ల నుండి పై పావు వంతు, కింది పావు వంతు తీసివేసి కట్టేవారు. జల్లెడ బాగానే వున్నది. అయినా చెప్పే బ్యాంకులకే ఆ రేటు మీద బేరాలు వుండడంతో అంకెలను అటూ ఇటూ జరిపిన బాగోతం 2012లో బయటపడినది. చివరకు లైబార్ అన్నదే అంతరించినది. ఒరాకిల్ నోడ్లకు కూలి ముట్టచెప్పడం, తప్పు చెబితే పోయేటట్లు కొంత సొమ్ము ధరావతు పెట్టించడం ఇటువంటి దానికి జాగ్రత్తలే. ధరావతు కంటే అబద్ధంలో వచ్చే లాభం ఎక్కువయిన రోజున ఆ జాగ్రత్త ఎంతవరకు నిలుస్తుందో వర్తకులు ఊహించుకోగలరు.

సరుకు వ్యాపారులకు మరీ దగ్గర విషయం బంగారం. పాక్సోస్ సంస్థ 2019 నుండి అమ్ముతున్న బంగారు నాణెం ఒక్కొక్క దానికి ఒక ట్రాయ్ ఔన్సు, అనగా 31.1 గ్రాముల బంగారం లండన్ ఖజానాలో వున్నదని చెబుతున్నది. ఇక్కడ కబుర్లు రెండు. ఔన్సు ధర ఎంత అన్నది ఒకటి. దానిని పది చోట్ల కనుక్కోవచ్చు. ఖజానాలో కడ్డీలు వున్నవా అన్నది రెండవది. దానిని తలుపు తీసి చూసినవాడు తప్ప మరొకరు చెప్పలేరు. ఎన్ని నోడ్లు సంతకం పెట్టినా అవి మోసుకువచ్చేది ఆ తనిఖీదారు కాగితాన్నే. గోడౌను రసీదులకూ ఇదే వర్తిస్తుంది.

బంగారం ధరతో మరొక పేచీ వున్నది. అంతర్జాతీయ బజారు న్యూయార్కు కాలమానంలో శుక్రవారం సాయంత్రం మూతపడి ఆదివారం సాయంత్రం తెరుస్తారు. బ్లాక్‌చెయిన్‌కు సెలవు లేదు. బంగారు నాణేలు శని, ఆదివారాలలోనూ చేతులు మారుతూనే వుంటవి. బజారు మూసిన వేళల్లో తమ బంగారం ధర మీద ఆధారపడవద్దని, అప్పుడు ఏమి చేయాలన్నది ఒప్పందం వ్రాసుకున్నవారే చూసుకోవాలని చైన్‌లింక్ తన నియమాలలో పేర్కొన్నది.