అలారం ఎప్పుడు మోగాలి?

షార్జా పాలనలోని కల్బా, ఒమన్ సింధుశాఖ ఒడ్డున, హజర్ పర్వతాల పాదాన ఉన్న తీరపట్టణం. ఎఫ్.ఎం. రేడియో తరంగాలు ఇంచుమించు చూపులాగే తిన్నగా సాగుతాయి. కొండ అడ్డువస్తే బలహీనపడతాయి. కాబట్టి పడమటి తీరపు ప్రసారాలు ఇటువంటి ఊళ్ళకు స్పష్టంగా అందాలంటే కొండలకు ఇవతల మరొక ట్రాన్స్‌మిటరు అవసరమవుతుంది. ఇటువంటి యంత్రాలు తరచుగా మనుషులు లేని గదులలో రాత్రింబవళ్ళు పనిచేస్తుంటాయి. వాటి కష్టాన్ని దూరాన ఉన్న ఇంజనీరుకు చేరవేసేది అలారమే.

అలారం దేనిని కనిపెట్టాలి? యాంటెన్నాకు పంపిన శక్తిలో కొంత వెనుదిరిగి వస్తుంది. దీనిని స్థిరతరంగ నిష్పత్తితో కొలుస్తారు. ఏమీ తిరిగి రాకపోతే అది 1. నిష్పత్తి 1.5 అయితే 4 శాతం, 2 అయితే సుమారు 11 శాతం తిరిగి వస్తుంది. అంటే 5 కిలోవాట్ల యంత్రంలో వరుసగా 200, 550 వాట్లు. ఈ శక్తి యంత్రానికి ముప్పు తెస్తుంది. సముద్రపు ఉప్పు, తేమ కేబులు అతుకులలోకి చేరితే ఈ నిష్పత్తి పెరుగుతుంది.

ప్రతి అలారానికీ మూడు నిర్ణయాలు కావాలి: ఏ హద్దు దాటితే, ఎంతసేపు దాటితే, అప్పుడేమి చేయాలి? ఉదాహరణకు, 1.5 వద్ద కబురు, 2 వద్ద శక్తి తగ్గింపు, అంతకు మించితే తక్షణం నిలుపుదల. అసలు అంకెలకు తయారీదారుల సూచనలే ప్రమాణం. ఉష్ణోగ్రతకు మాత్రం కొన్ని నిమిషాల ఓర్పు ఉండవచ్చు. 50 డిగ్రీల వద్ద మోగిన అలారం 45కు దిగాకనే ఆగేటట్లు అమర్చితే, హద్దు దగ్గర ఊగిసలాడి పదేపదే మోగదు. చల్లని దేశానికి సరిపడే హద్దును, వేసవిలో 40 డిగ్రీలు దాటే కల్బాలో అలాగే ఉంచితే, అది ప్రతి మధ్యాహ్నమూ మోగుతుంది. శబ్దం ఆగిపోయిందని చెప్పే అలారం కూడా, ఖురాన్ పఠనంలోని విరామాన్ని లోపమని భ్రమించకూడదు.

‘నాన్నా పులి’ కథ మనకు తెలిసినదే. ఊరికే మోగే అలారాన్ని కొన్నాళ్ళకు ఎవరూ పట్టించుకోరు. 1994 జులై 24న వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ చమురు శుద్ధి కర్మాగారంలో పేలుడుకు ముందు, సుమారు 11 నిమిషాలలో 275 అలారాలు ఇద్దరు ఉద్యోగుల మీద విరుచుకుపడ్డాయి. ముఖ్యమైనదేదో వాటిలో ఎలా పోల్చుకోగలరు? కరెంటు పోతే దానివల్ల ఫ్యాను, శీతలయంత్రం, శక్తి తగ్గుదల అంటూ పది అలారాలు పుడతాయి. మూలకారణాన్ని మాత్రమే ముందుకు తెచ్చి, తక్కినవాటిని చిట్టాలో రాసి ఉంచడం మేలు.

ఇంకొక చిక్కుంది. అలారం రాలేదంటే యంత్రం క్షేమమా, లేక కబురు తెచ్చే దారే తెగిందా? అందుకే ‘క్షేమం’ అనే కబురు నిర్ణీత వేళకు వచ్చేటట్లు, అది రాకుంటే అదే అలారమయ్యేటట్లు ఏర్పాటు చేస్తారు. అలారం పెట్టెకు వేరుగా బ్యాటరీ ఉంచి, అప్పుడప్పుడు కావాలనే లోపం కల్పించి పరీక్షించాలి.

2022 జులై చివర కుండపోత వానలకు ఫుజైరా, కల్బా వీధులు జలమయమయ్యాయి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను ఎరిగిన మనకు, అటువంటి రాత్రి బ్యాటరీ రేడియో విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఆ రేడియో మూగబోకుండా చూసే పని, వాన రాకముందే, ఈ చిన్న అంకెలను సరిగా అమర్చడంతో మొదలవుతుంది.