మీకు తెలుసా? డాక్టరంటే మొదట్లో పంతులుగారే!

తెనాలిలో ఏ ఆస్పత్రి బోర్డు చూసినా పేరుకి ముందు ‘డా॥’, వెనక ‘ఎం.బి.బి.ఎస్.’ ఉంటాయి. వెనకున్న పొడి అక్షరాలు విప్పితే బ్యాచిలర్ ఆఫ్ మెడిసిన్, బ్యాచిలర్ ఆఫ్ సర్జరీ. బి.ఏ., బి.కాం.లాగే ఇదీ బ్యాచిలర్ డిగ్రీయే, డాక్టరేట్ కాదు. ముందున్న ‘డా॥’ వాడుకలో స్థిరపడ్డ మర్యాద.

• లాటిన్‌లో ‘డొకేరె’ అంటే బోధించడం. అందులోంచి పుట్టిందే డాక్టర్. మధ్యయుగాల ఐరోపాలో మతశాస్త్రం, న్యాయం, వైద్యం ఏది చదివినా, విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే అర్హత వచ్చినవారు డాక్టర్లు. జనం నోట అది వైద్యుడి పేరైంది తర్వాతే.

• బ్రిటన్‌లో సర్జన్లను ఇప్పటికీ ‘మిస్టర్’ అనే పిలుస్తారు. 1540 నుంచి 1745 దాకా లండన్‌లో సర్జన్లకూ క్షురకులకూ సంఘం ఒక్కటే. వాళ్లు యూనివర్సిటీకి వెళ్లకుండా గురువు దగ్గరే పని నేర్చుకునేవారు. పట్టా లేదు, కాబట్టి ‘డాక్టర్’ లేదు. తర్వాత పట్టాలొచ్చినా పాత పిలుపునే గర్వంగా నిలుపుకున్నారు.

• బాపట్ల వ్యవసాయ కళాశాల మొదలైంది 1945లో. అక్కడి డాక్టర్లు నాడి పట్టరు. వాళ్లవి పీహెచ్‌డీలు, విత్తనం, నేల, తెగులు వాళ్ల చదువు. పరిశోధనకిచ్చే ఈ పట్టా జర్మనీలో బలపడింది; ఆక్స్‌ఫర్డ్ దాన్ని ప్రవేశపెట్టింది 1917లోనే. మన ఇళ్లలో ఉడికే సాంబ మసూరి అసలు పేరు బీపీటీ 5204. 1986లో విడుదలైన ఆ వంగడం బాపట్లదే. బీపీటీ అంటే బాపట్ల!

• పరీక్ష రాయకుండా వచ్చేది గౌరవ డాక్టరేట్. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు దానికి ‘కళాప్రపూర్ణ’ అని చక్కని తెలుగు పేరు పెట్టుకుంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారికి 1938లో అది దక్కింది. పాత రేపల్లె తాలూకా కావూరులో 1901లో పుట్టిన కవి తుమ్మల సీతారామమూర్తిగారూ కళాప్రపూర్ణులే. బాపట్ల దగ్గరి అప్పికట్లలో పిల్లలకు తెలుగు చెప్పిన బడిపంతులాయన. పాత లెక్కన చూస్తే, ఊళ్లో ‘డాక్టర్’ అన్న పిలుపు ముందుగా చెందాల్సింది ఆయనలాంటివారికే.