మూడో తరగతి తమ్ముళ్ళకు బొమ్మల కథ

నేను రాసిన మేకపిల్ల కథ మొదట ఎవరికీ నచ్చలేదు. తండా నుంచి కొత్తగా వచ్చిన తమ్ముడొకడు తెలుగు పుస్తకమే ముట్టడు. ఇంట్లో వాళ్ళది గోర్‌బోలీ. వాడు బొమ్మ చూసి, "మేక తడిసింది కనపడుతుంది కద, మళ్ళ తడిసిందని ఎందుకు రాసినవన్నా?" అన్నడు. నాకు సిగ్గయింది.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టిన చందమామ పాత సంచికలు చూడండి. శంకర్ గారి బొమ్మలో విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకొని నడుస్తుంటాడు. బేతాళుడు ఏం అడిగాడో మాత్రం బొమ్మలో దొరకదు. దానికోసం చదవాల్సిందే! బొమ్మకు చేతగానిదే మాట చెప్పాలన్నమాట.

పుస్తకం చేయడం కష్టం కాదు. డ్రాయింగు షీటును మూడుసార్లు మడిస్తే 8 ఆకులు, అంటే 16 పేజీలు. నడుమ దారంతో కుట్టి, తర్వాత అంచులు కోయాలి. అట్టకు, పేరుకు నాలుగు పేజీలు పోతే కథకు 12 మిగులుతాయి. నా కథలో సగం కొట్టేసిన. మేక దుందుభి వాగు ఒడ్డుకు రాగానే కుడి పేజీ అయిపోవాలి. దాటిందో లేదో పేజీ తిప్పితేనే తెలియాలి.

మేకను వాళ్ళమ్మ ఎట్లా పిలుస్తదో ఆ తమ్ముడే చెప్పిండు. గోర్‌బోలీకి వేరే లిపి లేదు కాబట్టి తెలుగు అక్షరాలతోనే రాసిన. ఆ పేజీ ఇప్పుడు వాడు అందరికీ చదివి వినిపిస్తున్నడు.

పుస్తకం లైబ్రరీ బల్ల మీద ఉంది. వాగు ఒడ్డు పేజీ అప్పుడే చినిగింది, మెల్లగ తిప్పండి.